సముద్రానికి వేసిన అతుకు

చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. టైలరు పెళ్ళాన్ని. నన్నే కొలతల్లో మోసం చేశాడమ్మా మా ఆయన.

వీధివీధంతా నడుములు కొలిచిన మనిషి. మెళ్ళో టేపు లేకుండా నిద్రయినా పోడు. టేపాయన ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

సముద్రం అవతల మా అక్క ఉంది, నన్ను చంకనేసుకుని పెంచిన అక్క. పాపం, తనకి చూపు మందగిస్తోంది. "నీ మొహం ఆనుతుండగానే ఒక్కసారి వచ్చిపోవే. మధ్యలో సముద్రం తప్ప ఇంకేముంది" అని ఫోనులో అంది.

నేను పెట్టె దించాను. ఆయన టేపు తీశాడు.

కొట్టు గోడమీది ప్రపంచ పటంలో కుడి అంచున మా తాతలు వలసొచ్చిన ఈ దీవట, ఎడమ అంచున అక్కట. ఈ చివర్నుంచి ఆ చివరికి టేపు లాగాడు. ఎన్ని దేశాలు, ఎన్ని కొండలు! రెండు రోజులు గాల్లోనే వేలాడాలట, నా మోకాళ్ళు అక్కడే కొయ్యబారతాయట. మా మనవరాలు ఫోనులో దూరం చూసి చెబుతానంటే, ఫోనెప్పుడైనా గుడ్డ కత్తిరించిందా అని దాని నోరు మూయించాడు.

నాకు ఒళ్ళు మండింది. "కూర్చోలేననేగా మీ బెంగ? కూర్చుని చూపిస్తా, రండి" అన్నాను.

కొట్టులో బల్లే విమానమైంది. బెల్టంటూ నా నడుముకి టేపు చుట్టాడు. టికెట్లు రెండు కదాని మిగిలిన కొస ఆయన నడుముకి నేను ముడేశాను. గొంతులో వెలక్కాయ పడ్డట్టు మొహం పెట్టాడు.

కాజాలు కుట్టుకుంటూ, మా పెళ్ళిలో వాళ్ళ మేనత్త అలిగిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. ఆవిడ అలక తీరకముందే ఈయనకి నడుం పట్టేసింది. ముడి సంగతి మరిచి లేచాడు. బల్ల తిరగబడింది. పడుతూ పడుతూ పటాన్ని పట్టుకున్నాడు. అది మేకులతో సహా ఊడి, చుట్ట చుట్టుకుని నా ఒళ్ళో పడింది.

చూద్దును కదా, అచ్చం చొక్కా చెయ్యి. కుడి అంచూ ఎడమ అంచూ కలిశాయి. ఈ పక్క మేము, ఆ పక్క అక్క, మధ్యలో అక్క చెప్పిన సముద్రం. నాలుగు వేళ్ళంత.

"చెయ్యి కుట్టాలంటే రెండంచులూ కలపాలని నాకు నేర్పింది మీరు కాదూ? మరి దీన్ని విప్పి పరిచి ఎందుకు కొలిచారు?"

ఆయన నేలచూపులు చూశాడు. "అటు వెళితే దారంతా నీళ్ళేనే. నాకు ఈత రాదు."

ఒక్క పగటి ప్రయాణమేనని మనవరాలు తేల్చేసింది. ఆయన్ని విమానం ఎక్కించాను.

విమానంలో వాళ్ళిచ్చిన బెల్టుని నమ్మితేనా? టేపు తీసి ఇద్దరికీ కలిపి చుట్టేశాడు. విప్పమని వచ్చిన పిల్లతో, "మా ఆవిడకి భయమమ్మా" అన్నాడు. నా పరువు ఆకాశంలో కలిసింది.

అక్క గుమ్మంలోనే నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మచ్చతో సహా చూసుకుంది. తర్వాత ఈయన వైపు తిరిగి చొక్కా తడిమింది.

"ఏం మరిదీ, దారంతా నీళ్ళేనటగా. ఒక్క చుక్కయినా తడవలేదే?"

మనవరాలు ముందే ఫోను చేసిందట.