ఐదు ఆంపియర్లలో ఒక లారీ

కంప్యూటర్ ఆటలు గడగడా నడిచే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకి ఆడటం తప్ప ఇంకేమీ చేతకాదు!

ఆట నడవని ల్యాప్‌టాప్ ఒక వరం. తమాషాకి అంటున్న మాట కాదిది. అది మనిషికి ఓర్పు నేర్పుతుంది, చదువు చెబుతుంది, ఒళ్ళు తగ్గిస్తుంది. ఎనిమిది నెలలుగా నేనీ వరాన్ని అనుభవిస్తున్నాను. మా ఇంట్లోవాళ్ళూ అనుభవిస్తున్నారు. కాకపోతే వాళ్ళు దాన్ని వేరే పేర్లతో పిలుస్తారు.

ఈ ల్యాప్‌టాప్ మా అమ్మాయి రీతాజ్ వాడి, విసిగి, వదిలేసినది. బ్యాటరీ ఎప్పుడో పోయింది. ప్లగ్ పీకితే ప్రాణం పోతుంది. మధ్యాహ్నం భోజనాల గిన్నెలు కడగడం అయ్యాక, రాత్రి తిండి సంగతి మొదలవక ముందు, ఐదు నుంచి ఆరు దాకా నాకొక గంట దొరుకుతుంది. ఆ గంటలో నేను లారీ నడుపుతాను.

నవ్వకండి. పద్దెనిమిది చక్రాల లారీ, ఒక మంచు కొండ, కొండకి అవతల ఊరు. సరుకు తీసుకెళ్ళి ఆ ఊళ్ళో దించాలి. ఆట మొత్తం ఇంతే. మా కారు రోజూ పొద్దున్నే మా ఆయన బహీజ్‌ని తీసుకుని ఫర్నిచర్ షోరూమ్‌కి వెళ్ళిపోతుంది కాబట్టి, నా లైసెన్సుకి దక్కిన బండి ఇదొక్కటే. ఎనిమిది నెలల్లో ఆ కొండని ఒక్కసారి కూడా దాటలేదు.

ఎందుకు దాటలేదంటారా? ఆడితే కదా దాటడానికి! నేను సెట్టింగులు సరిచేస్తున్నాను.

ఆట పెట్టగానే మొదట అది పద్నాలుగు గిగాబైట్ల అప్‌డేట్ అడిగింది. మా ఇంటర్నెట్‌కి తొమ్మిది రోజులు పట్టింది. లేత సొరకాయల్లాంటి కూసా కాయల్లో బియ్యం కూరుతూ, ఒక కన్ను కాయ మీద, ఒక కన్ను తెరమీద నీలం గీత మీద పెట్టి కూర్చున్నాను. యాభై ఎనిమిది శాతం దగ్గర గీత ఒక రోజంతా ఆగిపోయింది. నేను రెప్ప వేయలేదు. ధ్యానం అంటే ఇది కాక ఇంకేమిటి?

పదో రోజు లారీ కదిలింది. కదలడమంటే, ఫొటో ఆల్బమ్‌లో పేజీలు తిప్పినట్టు. తెర మూలన సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెప్పే పచ్చ అంకె ఒకటి ఉంటుంది. నాది పదకొండు. అరవై ఉండాలట! ఇక వీడియోల మీద పడ్డాను. 'ఈ ఒక్క సెట్టింగ్ మార్చండి, మీ ల్యాప్‌టాప్ రాకెట్ అయిపోతుంది!' అని అరిచేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారో! నేను అలాంటి 'ఒక్క సెట్టింగులు' నలభై ఒకటి మార్చాను. ల్యాప్‌టాప్ రాకెట్ కాలేదు గానీ, రాకెట్ శబ్దం మాత్రం వచ్చింది.

నీడలు తీసేశాను. వాన తీసేశాను. చెట్లు తీసేశాను. లారీ అద్దాలు తీసేశాను. వెనక్కి చూసుకుని బాగుపడిందెవరు? చివరికి కొండ మీద మంచు కూడా తీసేశాను. ఇప్పుడది తొక్క తీసిన బంగాళాదుంపలా ఉంటుంది. రోడ్డు నా చక్రాల ముందు రెండు గజాల దూరంలో అప్పటికప్పుడు పుడుతుంది. ఎదురొచ్చే కార్లకి చక్రాలు లేవు. కానీ అంకె చూడండి, ఇరవై మూడు! ఆనందం పట్టలేక, అప్పుడే షోరూమ్ నుంచి వచ్చిన బహీజ్‌ని పిలిచాను.

"ఏం చూడాలి?" అన్నాడు.

"ఇరవై మూడు!"

"కొండేది మరి?"

"అదే కదా, దాదాపు తీసేశాను!"

అతను నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ చెప్పింది ల్యాప్‌టాప్ లోపలి సంగతి. అసలు విద్య బయట ఉంది.

మా సముద్రపొడ్డు ఊరు ఎల్ మీనాలో ప్రభుత్వ కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది. మిగతా వేళంతా వీధి చివర అబూ షుక్రీ జెనరేటరే దిక్కు. ఎవరి స్తోమతని బట్టి వాళ్ళు ఇన్ని ఆంపియర్లని పెట్టించుకుంటారు. మాకు ఐదు. ఇంట్లో వాడకం ఐదు దాటిందా, కింద గుమ్మం పక్కన పెట్టెలో మా స్విచ్ టప్పున పడిపోతుంది. ఎవరో ఒకరు ఐదంతస్తులు దిగి దాన్ని లేపి రావాలి. లిఫ్ట్ లేదా అంటారా? అది కూడా కరెంటుతోనే నడుస్తుందండీ!

అందుకే మా దగ్గర ఏ వస్తువునైనా ఊరికే పెట్టరు. ముందు ఇల్లంతా వినబడేలా ఒక కేక వేస్తారు.

"వాషింగ్ మెషీన్ వేస్తున్నా! ఎవరైనా ఏమైనా పెట్టారా?"

"జుట్టు ఆరబెట్టుకుంటున్నా అమ్మా, ఐదు నిమిషాలు!"

"ఎండలోకి వెళ్ళి ఆరబెట్టుకో! ఎండకి ఆంపియర్లు అక్కర్లేదు!"

నేను ల్యాప్‌టాప్ పెట్టిన ఎనిమిది నెలల నుంచీ, సాయంత్రం ఐదు గంటలు దాటి ఐదు నిమిషాలు కాగానే స్విచ్ పడిపోతోంది. రోజూ కాదు గానీ, వారంలో నాలుగు రోజులు. లారీ సరిగ్గా బంగాళాదుంప మొదటి మలుపులో ఉంటుంది. తెర నల్లబడుతుంది. లోపలి గదిలోంచి మా అత్తగారు హజ్జా నదీరా గొంతు వస్తుంది.

"మళ్ళీ ఆ లారీయేనా? డీజిల్ బండి అయితే డీజిల్ పోయించుకోవాలి గానీ, మా కరెంటు తాగడమేమిటి!"

"సారీ హజ్జా, వెళ్తున్నా!" అని నేను మెట్లు దిగుతాను. తొంభై రెండు మెట్లు దిగి, తొంభై రెండు ఎక్కి వస్తే సరికొత్త ప్రయాణం, మొదటి నుంచి. ఒళ్ళు తగ్గుతుందని చెప్పాను కదా, ఇలాగే.

పోయిన ఆదివారం మాత్రం సంగతి ముదిరింది. టీవీలో హజ్జా చూసే సీరియల్‌లో పెళ్ళికూతురు తన అసలు తండ్రి ఎవరో నోరు తెరిచి చెప్పబోతోంది. టప్! ఆ తండ్రెవరో హజ్జాకి నేటికీ తెలియదు. ఆమె చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చి తీర్పు చెప్పేసింది.

"శనివారం వఫీకా వస్తుంది. ఆ లారీ పెట్టెని దానికిచ్చి పంపెయ్. వంటల వీడియోలు చూసుకుంటుంది."

వఫీకా నా ఆడపడుచు. నేను బహీజ్ వైపు చూశాను. అతను సముద్రం వైపు చూశాడు.

"అమ్మ చెప్పింది కదా హబీబ్తీ," అన్నాడు సముద్రంతో. ఆ ముద్దుపిలుపు కూడా దానికే.

అంటే నాకు మిగిలింది ఆరు రోజులు. ఈ ఆరు రోజుల్లో స్విచ్ పడకుండా కొండ దాటి చూపించాలి. లేకపోతే లారీ పోతుంది, ఆ గంట కూడా పోతుంది. ఖాళీగా ఉన్న గంట మా ఇంట్లో ఎంతసేపు ఖాళీగా ఉంటుందో నాకు తెలుసు.

పొదుపు అంటే ఏమిటో అప్పుడు చూపించాను! తెర వెలుగు సగానికి తగ్గించాను. లారీ హారన్ ఆపేశాను. ఐదు కొట్టే సరికి ఇంట్లో బల్బులన్నీ ఆర్పి, ఫోన్ల చార్జర్లు పీకి, గోడ గడియారం బ్యాటరీది అని గుర్తొచ్చి దాన్ని వదిలేశాను. ల్యాప్‌టాప్ చల్లగా ఉంటే కరెంటు తక్కువ తాగుతుందని ఎక్కడో విని, కిబ్బే మాంసం కాల్చే ట్రే బోర్లించి, ల్యాప్‌టాప్‌ని దాని మీద ఎక్కించి, కింద గడ్డకట్టిన బఠానీల సంచి పెట్టాను. మంగళవారం స్విచ్ పడింది. బఠానీలు కరిగి, బుధవారం మేం బఠానీల కూర తిన్నాం. గురువారం ఫ్రిజ్ ప్లగ్ పీకి ఆడాను. స్విచ్ పడలేదు. ఫ్రిజ్ ప్లగ్ మళ్ళీ పెట్టడం మాత్రం మరిచిపోయాను. లోపలున్న లబ్నే పెరుగు సంగతి అడగకండి.

శుక్రవారం ఆఖరి ప్రయత్నం. లోపల దుమ్ము పేరుకుంటే ల్యాప్‌టాప్ రొప్పుతుందట. మూడున్నరకి స్క్రూలు విప్పి, దాన్ని వంటింటి బల్ల మీద ముక్కలుగా పరిచి, రొట్టెలకి గుడ్డుసొన పూసే బ్రష్‌తో ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాను. చార్జర్ వైరు చుట్టచుట్టుకుని నా ఒళ్ళో పడుకుని ఉంది.

ఐదు దాటి ఐదు నిమిషాలకి, టప్!

"మళ్ళీ ఆ లారీయేనా?"

"సారీ హజ్జా, వెళ్తున్నా!"

చేతిలో బ్రష్‌తోనే మెట్లు దిగాను. ఐదో అంతస్తు, నాలుగు, మూడు. మూడో అంతస్తులో నా కాళ్ళు ఆగిపోయాయి.

ల్యాప్‌టాప్ బల్ల మీద పదిహేడు ముక్కలుగా ఉంది! మరి నేను దేనికి సారీ చెప్పాను?

కిందికి వెళ్ళలేదు. వెనక్కి ఎక్కి, తిన్నగా బాల్కనీ తెర పక్కకి లాగాను. పూలకుండీ వెనక బహీజ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు నర్గీలే హుక్కా, పక్కన బొగ్గులు కాల్చుకునే కరెంటు కాయిల్. ఇంకా ఎర్రగానే ఉంది. ప్లగ్ మాత్రం అప్పటికే అతని చేతిలో ఉంది. ఎంత చురుకైన చెయ్యి!

"ఇది ఎప్పటి నుంచి?"

"నువ్వే కదా హబీబ్తీ, గ్యాస్ పొయ్యి మీద బొగ్గులు కాలిస్తే బూడిద పడుతోందని గొడవ చేశావ్. నీ పొయ్యి పాడవకూడదనే..."

ఆ గొడవ జరిగి ఎనిమిది నెలలు.

"స్విచ్ దీనివల్ల పడుతోందని తెలుసా?"

"వల్లాహి తెలీదు! ఒకట్రెండుసార్లు అనుమానం వచ్చింది."

"ఒకట్రెండుసార్లా?"

"వారానికి."

కాయిల్ చల్లారాక తిప్పి చూశాను. అడుగున వెయ్యి వాట్లు అని రాసి ఉంది. నా చార్జర్ మీద నూట ఇరవై. రెండొందల ఇరవై వోల్టులతో భాగిస్తే అతనిది నాలుగున్నర ఆంపియర్లు, నాది అర పైచిలుకు. ఈ లెక్క కోసం ఎవరినీ అడగనక్కర్లేదు. నేను భౌతికశాస్త్రం డిగ్రీ చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఇదే లెక్క పిల్లలకి చెప్పాను. ఎనిమిది నెలల్లో చార్జర్‌ని ఒక్కసారి తిప్పి చూడాలని మాత్రం తోచలేదు. చెట్లు తీసేశాను, మంచు తీసేశాను, నేరం నాదేనా అని ఒక్క భాగహారం చేయలేదు. సెట్టింగులన్నీ తగ్గించుకోవడానికి అలవాటుపడ్డ ప్రాణం కదా, ఇంకొకటి తగ్గించుకుంది.

హజ్జా కర్ర చప్పుడు వినిపించింది. ఆమె కాయిల్‌ని చూసింది, కొడుకుని చూసింది.

"పోనీలే అమ్మాయ్, వారమంతా కష్టపడతాడు. ఆ కాస్త పొగ..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. "ఆగు. అయితే ఆదివారం నా సీరియల్ పోగొట్టింది నువ్వా?"

"అమ్మా, అదీ..."

"ఆ పిల్ల తండ్రి ఎవరో చెప్పబోతుంటే!"

ఆరయ్యేదాకా ఇంట్లో బొగ్గు రాజకూడదని అక్కడికక్కడే తీర్పు మారింది. న్యాయం వచ్చింది సీరియల్ కోసం, నా కోసం కాదు. వచ్చిందే చాలు. కింది స్విచ్ లేపి రావడానికి బహీజే వెళ్ళాడు.

శనివారం వఫీకా పెద్ద సంచీతో వచ్చింది. నేను లారీలో ఉన్నాను. ముందు రోజు సాయంత్రమే ముక్కలన్నీ బిగించాను. ఒక స్క్రూ మిగిలింది, దాని గురించి ఎవరికీ చెప్పలేదు. మంచు ఒక్కటీ మళ్ళీ పెట్టుకున్నాను. అంకె పదహారుకి పడిపోయింది. పడనీ!

"ఇదేనా? ఇలా ఇవ్వు వదినా," అంది వఫీకా సంచీ తెరుస్తూ.

"ఉండవే, కొండ దిగనీ," అంది హజ్జా. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. "అమ్మాయ్, లోయ వైపు పోకు. ఆ చక్రాల్లేని కారుని ముందు పోనివ్వు. ఎవడు వాడు, లైసెన్స్ ఎవరిచ్చారు వీడికి!"

ఆరుకి మూడు నిమిషాల ముందు కొండ దాటాను. అవతల గొప్ప ఊరేమీ లేదు. ఒక గోడౌన్, ఒక గేటు, జెండా లేని ఒక కర్ర. లారీ ఆపాను. సరుకు దిగింది. "అల్‌హమ్దులిల్లాహ్" అని హజ్జా లేచి, ఖాళీ సంచీతో సహా కూతుర్ని కాఫీకి లాక్కెళ్ళింది.

అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. 'తర్వాతి సరుకు ఎక్కించమంటారా?' కింద రెండు బటన్లు. అవును. వద్దు.

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. కూసా కాయలు, ఇస్త్రీ, బూడిద, మెట్లు... నా మీదికి ఎక్కిన సరుకులో ఒక్క దాని గురించైనా నన్ను ఇలా అడిగినవాళ్ళు ఎవరున్నారు? నేనైనా ఎవరినైనా అడగనిచ్చానా?

తెర మీది బాణాన్ని 'వద్దు' మీదికి జరిపాను.

నొక్కాను. ఇంట్లో ఏ స్విచ్చూ పడిపోలేదు.