ఋష్యశృంగుడు అడుగుపెట్టిన చేను

గట్టుకు అవతల నాగన్న చేలో నీళ్లు నిలిచాయి. ఇవతల రామక్క చేలో దుమ్ము లేస్తోంది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయం. ఈ వారం వాన పడకపోతే, పోయిన రెండేళ్ల మాదిరే పంటంతా పశువుల మేతకే. రామక్క ఇంటి వాకిట్లో కొంగు బిగించి కొత్త అల్లుడి ముందు నిలబడింది.

“నిన్ను ముందుగా నాగన్న చేన్లోకి తీస్కపోయిండేది ఎవురు, నాయనా?”

గుంతకల్లు రైల్వేలో గుమాస్తాగా పనిచేసే ఆ అల్లుడి పేరు ఋష్యశృంగ. అతను వంగి తన కాళ్లకంటిన బురద గీక్కోసాగాడు. రామక్క మొగుడు నరసింహప్ప మొహాన తువ్వాలు కప్పుకుని మంచమెక్కాడు. పాపం, దిగులు అనుకుంది రామక్క.

పొద్దున పాలకేంద్రం దగ్గర ఆడవాళ్లు అల్లుడి పేరు పలకలేక నవ్వారు. రామక్కకు రోషం వచ్చింది. ఋష్యమంటే జింక, శృంగమంటే కొమ్ము అని చెప్పింది. నెత్తిన కొమ్ముతో పుట్టిన ఆ ముని కాలు పెట్టగానే, కరువుతో మాడుతున్న అంగరాజ్యంలో వాన కురిసిందని కూతురు నిఖిత చెప్పిన కథంతా వినిపించింది. “మా అల్లునికి ఆ పేరు ఊరికే పెట్టలేదు” అన్న ముక్క మాత్రం తనే కలిపింది.

అల్లుడు ఉగ్గాని తినేలోపే వాకిలి నిండింది. ఒక ముసలామె అతని తల తడిమి, కొమ్ము దొరక్క నిట్టూర్చింది. పక్కింటి రామాంజులు అతని చెప్పులు విప్పించాడు. “మా చేన్లో నాలుగడుగులేసి పో, సామీ” అంటే, “ముందు మాది” అని ఇంకొకడు చెయ్యి పట్టి లాగాడు. వంతుల దగ్గర చొక్కాలు చిరిగాయి. ఆ గొడవలో అల్లుడు కనబడకుండా పోయాడు. మధ్యాహ్నం ఒకే ఒక్క మబ్బు వచ్చి, నాగన్న చేను మీద కుమ్మరించి, గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఈ సీమలో వాన ఎప్పుడూ ఇంతే. అయితే ఈరోజు ఆ మాట ఎవరూ ఒప్పుకునేలా లేరు.

“నీ పనేనా?” అంది రామక్క, ఇప్పుడు కూతురి వైపు తిరిగి.

“నేను వంటింట్లో ఉంటిని కదమ్మా. ఆ కథ ఊరంతా చెప్పిండేది నువ్వు.”

అంతలో నాగన్న టెంకాయతో వచ్చి అల్లుడి కాళ్ల మీద వంగబోయాడు. రామక్క అడ్డం నిలిచింది.

“మా అల్లున్ని ఎత్తుకపోయి, ఇప్పుడు టెంకాయ తెచ్చినావా?”

“నేనేల ఎత్తుకపోతా, వదినా? దొడ్డిదోవన తెచ్చి నా చేన్లో నిలబెట్టినారు. ‘వానతో పాటు పిడుగు పడినా పడుతుంది, ముందు నీ చేన్లో చూద్దాం’ అన్న్యారు.”

“అట్లన్న్యాడే, ఆ తెలివిగల్లోడు ఎవురు? నలుగుర్లో పేరు చెప్పు.”

మంచం కిర్రుమంది.

“నరసింహప్ప” అన్నాడు నాగన్న.