దుంగ గారి అధ్యక్షతన

ఒక పెద్ద అడవిలో... పెద్ద అంటే మీ ఊరి పక్క జీడిమామిడి తోపు అనుకునేరు. ఆ అడవిలో తూర్పు కొసన కూసిన అడవికోడి కూత పడమటి కొసకు చేరేసరికి, ఆ కోడి మునిమనవడు కూడా కూత నేర్చేసుకునేవాడు. ఇది అబద్ధమనుకునేవాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు. ముందున్నది ఇంతకంటే పెద్దది, అదీ అక్షరాలా జరిగినది. సాక్షి కూడా ఉన్నాడు; పేరు చివర్లో వస్తుంది.

ఆ అడవికో విశ్వవిద్యాలయం, దానికో వీసీ. పేరు భల్లూకాచార్యులు, జాతి ఎలుగుబంటి. ఆయన సభల్లో వెలిగించిన జ్యోతుల సెగకి ఆ అడవిలో రెండేళ్లపాటు చలికాలం రాలేదు. ఆయనకు కప్పిన శాలువాలన్నీ కలిపి కుడితే ఏనుగుల మంద మొత్తానికి దుప్పటి అయ్యేది, ఆపైన గున్నలకు తలపాగాలు మిగిలేవి. ఇక అధ్యక్షోపన్యాసం సంగతి. ఆయన "సభకు నమస్కారం" అన్నప్పుడు గుడ్డు పెట్టిన పిట్ట, వందన సమర్పణ నాటికి పిల్లలు ఎగిరిపోవడం చూసేది.

అంతటి వీసీ గారికి ఆ సోమవారం తేనె కూడా చేదుగా ఉంది. పదవీకాలం శనివారంతో సరి. కులపతి సింహం కబురంపింది: శనివారం స్నాతకోత్సవానికి వస్తున్నాను, ఈ వారం వీసీ మా సభకు రాలేదని ఏ శాఖా అనకూడదు, పైగా ఒక్క విదేశీ పరిశోధన ఒప్పందమైనా చేతిలో ఉండాలి, అప్పుడే రెండో విడత మాట.

ఆ కుర్చీ అంటే భల్లూకాచార్యులకు ప్రాణం. మెత్తగా ఉంటుందని కాదు, అందులో కూర్చున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరని.

చిక్కల్లా ముహూర్తంతో వచ్చింది. వారం కార్యక్రమాలు చదవడానికి రిజిస్ట్రారు ఉడుము వచ్చింది. ఒక పని పట్టుకుందంటే వదలని జాతి.

"రేపు పదిన్నరకు కప్పల వాననీటి వర్క్‌షాపు అండి. పదిన్నరకే నక్కల న్యాయశాఖ సదస్సు."

"రెండూ పదిన్నరకేనా? తక్కిన రోజంతా ఏమైపోయిందయ్యా?"

"రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం పోను అదొక్కటే మిగిలిందండి. వారమంతా అంతే. శాఖలన్నీ ఊసరవెల్లి సిద్ధాంతి దగ్గరే ముహూర్తాలు పెట్టించుకున్నాయి."

"ఒకటి వాయిదా వేయించు."

"కార్డులు పంచేశారండి. రెంటి మీదా 'మీ అధ్యక్షతన' అనే వేశారు."

వీసీ గారు తల పట్టుకున్నారు. ఉడుము నాలుక ఓసారి బయటికీ లోపలికీ ఆడించి, వినయంగా అడిగింది.

"తప్పుగా అనుకోకపోతే ఒక మాటండి. సభలో అధ్యక్షుల వారు చేసేదేమిటండి?"

భల్లూకాచార్యులు నిజాయితీగానే ఆలోచించారు. "కూర్చుంటాం."

"దండలూ బొకేలూ పడ్డాక మీ ముఖం ఎవరికైనా కనబడుతుందా అండి?"

"వాళ్లకేమిటి, మాకే సభ కనబడదు."

ఆ సాయంత్రమే గాలివానకు పడిన ఓ నల్లమద్ది దుంగను తెప్పించారు. వడ్రంగిపిట్ట కూర్చుని దానికి ముక్కు, చెవులు, ఒక పంజా చెక్కింది. శాలువా కప్పి ముక్కుదాకా బంతిపూల దండ వేసేసరికి, వీసీ గారి కన్నతల్లి చూసినా "చిక్కిపోయావు నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకునేది.

మంగళవారం వీసీ గారు నక్కల దగ్గరికి, దుంగ గారు కప్పల దగ్గరికి వెళ్లారు. ఎప్పుడూ అధ్యక్షోపన్యాసం అయ్యేసరికి కప్పల ఒళ్లు ఎండి అట్టలు కట్టేవి. ఆ రోజు అధ్యక్షుల వారు పెదవి విప్పలేదు. సభ భోజనాలకు ముందే ముగిసింది. అడవి చరిత్రలో అదే మొదలట. కప్పలు ఆనందం పట్టలేక వాన లేకుండానే బెకబెకమన్నాయి.

"మంచిదే, మన పేరే కదా," అన్నారు భల్లూకాచార్యులు.

బుధవారం వీసీ గారు మరో సభకు, దుంగ గారు పాలకమండలికి. హాస్టల్ వార్డెన్ పదవి కోసం తోడేలు, దుమ్ములగొండి పదేళ్లుగా కరుచుకుంటున్నాయి. ఇద్దరూ దుంగ గారి ముందు నిలబడి గొంతు చించుకున్నారు. ఆయన కళ్లార్పలేదు, ఊ కొట్టలేదు. కాసేపటికి ఇద్దరికీ ముచ్చెమటలు పోశాయి. "అయ్యగారికి అన్నీ తెలిసిపోయాయిరా" అని గుసగుసలాడుకుని, పదవి చెరో ఏడాది చొప్పున పంచుకుని, దండం పెట్టి వెళ్లారు.

ఈ కబురు వీసీ గారికి అంత రుచించలేదు. తన హయాంలో ఆ గొడవ మీద తానే మూడు కమిటీలు వేశారు మరి.

గురువారం అసలు పని. సముద్రాల అవతలి చిత్తడి విశ్వవిద్యాలయం నుంచి కొంగ ఆచార్యురాలు ఏటి ఒడ్డున దిగింది. దీనికి దుంగను నమ్మలేక వీసీ గారే వెళ్లారు. స్వాగతోపన్యాసం అడవి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, తన పుట్టుక దగ్గరికి తెచ్చేసరికి కొంగ ఒంటికాలి మీద నిద్రపోయింది. మెలకువ వచ్చాక అడిగింది, మనం కలిసి ఏం పరిశోధిద్దామని.

"ముందు ఒప్పందం చేసుకుందాం మేడం. విషయం తర్వాత దొరక్కపోదు."

కొంగ ముక్కు చివర నుంచి ఆయన్ని ఎగాదిగా చూసి, రేపు మీ కార్యాలయానికి వస్తానంది.

శుక్రవారం వీసీ గారు నెమళ్ల నృత్యోత్సవంలో చిక్కుకుపోయారు. ఒక్కో నెమలి ఒక్కో శాలువా. ఆ బరువుకి లేవలేకపోయారు. కార్యాలయంలో దుంగ గారు ఒక్కరే ఉన్నారు. కొంగ వచ్చి ఎదురుగా కూర్చుని తన పరిశోధనంతా చెప్పుకుంది. అడ్డుపడకుండా విన్న వీసీని అది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మధ్యలో ఏమైనా అంటారేమోనని చెవి దగ్గరగా పెట్టి వింటే లోపల ఏదో సన్నగా కరకరమంటోంది.

"ఆలోచిస్తున్నారు," అంది కొంగ గౌరవంగా. ఆ కరకర చెదపురుగులదని ఉడుముకి తెలుసు. తెలిసి, దుంగ గారి పంజాను బురదలో అద్ది ఒప్పందం మీద వేయించింది.

సంగతి తెలిసి భల్లూకాచార్యులు ఆ దుంగను ఏట్లో తోసేయమన్నారు. ఆ మాట ఆలస్యమైంది. శనివారం పొద్దున్నే కప్పలూ తోడేలూ కలిసి దుంగ గారిని మేళతాళాలతో వేదిక ఎక్కించేశాయి.

సింహం వచ్చి చూస్తే, వేదిక మీద ఇద్దరు వీసీలు.

"ప్రభూ, నేనండి నేను. అది దుంగ," అన్నారు భల్లూకాచార్యులు రొప్పుతూ.

"తెలుసు. ముసలాణ్ణయ్యాను గానీ గుడ్డివాణ్ణి కాలేదు. ఈ వారం నువ్వేం చేశావో చెప్పు."

"సభలన్నిట్లో కూర్చున్నాను ప్రభూ."

"అదీ కూర్చుంది. కూర్చుని ఊరుకుంది."

సభలో చప్పట్లు ఎంత మోగాయంటే పక్క అడవిలో ఉరిమిందని విత్తనాలు చల్లుకున్నారు. రెండో విడత దుంగ గారికే దక్కింది.

భల్లూకాచార్యులు దిగాలుగా వేదిక దిగబోతుంటే కొంగ ఆపింది. ఒప్పందం ప్రకారం పరిశోధన మొదలుపెట్టాలిగా. ఈ అడవి మాన్లలో చెదలు ఎక్కడ గూడు కడతాయో తేల్చాలి. అందుకు కొత్త వీసీ దుంగ గారి లోపలి నుంచే శ్రీకారం చుట్టాలట. చెదపురుగులంటే ఎలుగుకి లొట్టలేసుకునే పలారం. ముక్కు ఆనించి వాసన పట్టి, ఏ పొరలో ఏ పుట్ట ఉందో గడగడా చెప్పేశాడాయన. ఆ విశ్వవిద్యాలయంలో అదే తొలి పరిశోధన. వెనకాలే పిల్ల జంతువులు మూగాయి. చూస్తూ చూస్తూనే అది పాఠమైంది. ఏడాది తిరిగేసరికి ఆయన ఒళ్లు చేశాడు, శాలువాల ఊసే మరిచాడు.

దుంగ గారైతే నేటికి మూడో విడతలో ఉన్నారు. ఇప్పుడు లోపల పూర్తిగా డొల్లే, తట్టి అడిగితే మాట గంభీరంగా మోగుతుందని పేరు.

నీతి: కుర్చీ నిలవాలంటే లోపల ఏమీ లేకపోయినా ఫర్వాలేదు, పైకి మాత్రం కదలకూడదు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లు వెళ్లి, ఆ దుంగ గారికి ముక్కు చెక్కినవాణ్ణే అడగండి. ఏటిగట్టున మూడో మద్దిచెట్టు తొర్రలో ఉంటాడు, వడ్రంగిపిట్ట మునెయ్య.