డాల్డా డబ్బాలో మిగులు నిధులు

పాపం కూడా ఒక పెట్టుబడేనని, పదేళ్లు ఓపిక పడితే దానికీ ధర పలుకుతుందని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లోని మా చిన్న క్రైస్తవ సంఘం! 1969 జూన్‌లో ఒక సోమవారం పొద్దున, నేను టీ వడపోస్తుండగా ఆ శుభవార్త మా గుమ్మంలోకి వచ్చింది. తెచ్చింది పక్కింటి పట్టాభి గారు. కోస్తా మనిషి, ఏదో కంపెనీలో లెక్కలు రాస్తారు.

"మాస్టారూ! లేవండి! మీరు లక్షాధికారులయిపోయారండీ!"

మాస్టారంటే మా ఆయన యేసుదాసు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల బళ్లు మూతపడి నెలలైంది. ఆందోళన వల్ల ఎవరికేం దక్కుతుందో నాకు తెలియదు గాని, పెళ్లయిన మూడో నెలలో నాకు మాత్రం పగలంతా ఇంట్లో ఉండే భర్త దక్కాడు! ఆయన ఉల్లిగడ్డలు తరుగుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటే నేను కొంగుతో తుడుస్తాను. కర్ఫ్యూ రోజుల్లో ఇద్దరం ఒకే కప్పులో టీ తాగాం. రెండో కప్పు లేక కాదు, ఊరికే.

పట్టాభి గారు పేపరు పరిచారు. అందులో సగం పేజీ ప్రకటన. దోసెపెనమంత నాణెం, దాని చుట్టూ కిరణాలు. పక్కన సూటు వేసుకున్న భర్త, ముత్యాల దండ వేసుకున్న భార్య, వెనక కారు. "మీ ఇంట నిదురించుచున్న అదృష్టమును మేల్కొలుపుడు! నైజాం కాలపు హాలి సిక్కా నాణెము ఒక్కొక్కటి రూ. 5,000 వరకు! శ్రీ కుబేర నాణెముల భాండారము, బొంబాయి." అయిదు వేలు గుమ్మడికాయంత అక్షరాల్లో ఉంది. 'వరకు' అన్న మాట ఆవగింజంత ఉంది. సినిమాహాల్లో కూడా ఇంటర్వెల్లో ఈ స్లైడే వేస్తున్నారట. మన దగ్గర ఇంకా టెలివిజన్ లేదు గనుక సరిపోయింది, ఉంటే ఆ నాణెం లేచి మాట్లాడేది కూడా!

"మీ మంచం కింద డాల్డా డబ్బా ఉందిగా?" అన్నారు పట్టాభి గారు.

ఉంది. అది మా మంచానికి నాలుగో కాలు.

ఆ డబ్బా చరిత్ర చెప్పాలి. మా సంఘంలో కానుక పిడికిలి మూసి వేయడం ఆచారం. ఎంత వేశామో నలుగురికీ కనిపిస్తే డాంబికమట! పొడుగు కర్రకు కట్టిన మఖ్మల్ సంచి వరసల మధ్య తిరుగుతుంది. పిడికిలి సంచిలోకి వెళ్తుంది, ఖణేల్మని చప్పుడవుతుంది, ముఖం భక్తితో వెలుగుతుంది. నిజాం కాలపు హాలి సిక్కాలు చెల్లకుండా పోయి పదేళ్లు. కోమటి తీసుకోడు, బస్సు కండక్టరు తీసుకోడు, బిచ్చగాడు కూడా తిప్పి చూసి తిరిగిచ్చేస్తాడు. తీసుకునేవాడు దేవుడొక్కడే! మా ఆయన సంఘానికి కోశాధికారి. వారం వారం సంచి తిరగేసి, చెల్లేవి ఒక పక్క, చెల్లనివి డబ్బాలో వేస్తాడు. చార్మినార్ బొమ్మ ఉన్న నాలుగణాల బిళ్లలు అలా రెండు వందల పద్నాలుగు చేరాయి.

ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు! ఈస్టర్ నాడు పాస్టరు తీతు అయ్యగారు ఆ మాట మెల్లగా కదిపితే, సంఘపెద్ద మత్తయి గారు "కలికాలం!" అన్నారు. స్త్రీల సమాజం సారమ్మ గారు ఆ పాపుల కోసం కళ్లనీళ్లతో పావుగంట ప్రార్థించారు.

ఇంతకీ మందిరం కప్పు కురుస్తోంది. మొదటి వానకే అయ్యగారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గ్రంథం పట్టుకుని ప్రసంగం చేశారు. ఈ నెలాఖరుకు కొత్త రేకులు పడకపోతే మందిరం మూసేసి మమ్మల్ని మలక్‌పేట సంఘంలో కలిపేస్తామని పైవాళ్ల ఉత్తరం వచ్చింది. అరవై ఏళ్ల అయ్యగారికి అక్కడ చోటు లేదని కూడా అందులోనే ఉంది. రేకులకు నూట డెబ్బై రూపాయలు కావాలి.

"మొత్తం డబ్బా నేను తీసుకుంటానండీ. బొంబాయికి పంపే తిప్పలు నావి, మీకు నూట డెబ్బై ఇప్పుడే ఇస్తాను," అన్నారు పట్టాభి గారు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కాని సంఘం ఆస్తి కదా, పెద్దల్ని పిలవాలి. పిలిచాం. మత్తయి గారు ఎల్బీనగర్ నుంచి సైకిల్ మీద వచ్చారు. రావడమే అరుపు.

"ఏంది సారూ! ఐదు వేల బిళ్లలను నూట డెబ్బైకి ఆంధ్రోళ్లకు అప్పజెప్తవా? తెలంగాణ మిగులు నిధులన్నీ గిట్లనే ఆంధ్రకు పోయినయి!"

"అయ్యో, నేను పక్కింటివాణ్ణండీ!" అన్నారు పట్టాభి గారు.

"పక్కింట్ల ఉంటేనే గదా పరేషాన్!"

మంచం కింద ఉన్నంతకాలం అవి చెల్లని బిళ్లలు. మంచం మీదికి రాగానే రాష్ట్ర సమస్య! సారమ్మ గారు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల పైకి తీశారు.

"గిది నాదే బిడ్డా! చార్మినారు మీద గీత సూడు. మా ఆయన సుత్తెతోటి కొట్టిండు."

"అక్కా, ఈస్టర్ నాడు మీరే గదా ఏడ్సుకుంట ప్రార్థన చేసిన్రు?" అన్నాను.

"నా కోసం నేను చేసుకుంటే తప్పా?"

మత్తయి గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. వచ్చిన దాంట్లో సగం సంఘానికి, సగం ఎవరు ఎన్ని వేశారో వాళ్లకు. అయితే నోటిమాట పనికిరాదు. కాయితం మీద పేరు, బిళ్లల లెక్క, సంతకం ఉండాలి. "రేపు కంపెనీవాళ్లు అడిగితే రికార్డు ఉండొద్దా?"

మొదటి పేరు ఆయనదే. మత్తయి, తొంభై ఆరు.

"తొంభై ఆరా!" అన్నాడు మా ఆయన.

"పదేండ్ల సంది జర వీలైన ఆదివారమల్లా ఏసిన. భక్తిల కంజూసీ చెయ్యలే!"

ఆ మూడు రోజులు మా ఇల్లు రేషన్ షాపయింది. జనం వరసలో నిలబడి, తాము దేవుణ్ణి ఎన్నిసార్లు మోసం చేశారో గర్వంగా రాసి సంతకాలు పెట్టారు. తక్కువ రాసినవాడు పక్కవాడి లెక్క చూసి దిద్దుకున్నాడు. సారమ్మ గారు నలభై రాసి, మత్తయి గారి అంకె చూసి డెబ్బై చేశారు. చివరికి కూడితే మూడు వందల నలభై ఒకటి! డబ్బాలో ఉన్నవి రెండు వందల పద్నాలుగు. చేయని పాపాన్ని కూడా నూటయిరవై ఏడు సార్లు ఒప్పుకున్న సంఘం మరొకటి ఉంటే చూపించండి!

తీతు అయ్యగారు ఒకసారి వచ్చి, వరస చూసి, మంచినీళ్లు తాగి వెళ్లారు.

భాండారము వారి ధరల పట్టీకి మూడు రూపాయలు మనియార్డరు చేశాం. బందులు, హర్తాళ్ల మధ్య అది నడుచుకుంటూ వచ్చినట్టు పన్నెండు రోజులకు, నెలాఖరుకు రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం చేరింది. మా గదిలో సగం సంఘం కూర్చుని ఉంది. మా ఆయన చదివాడు.

"హాలి సిక్కా, నాలుగణాలు, చార్మినార్ ముద్ర. డజను రెండు రూపాయలు."

"డజనుకు రెండే ఇస్తరా? దొంగలు!" అన్నారు మత్తయి గారు.

"ఇచ్చుడు కాదు. వాళ్లు అమ్మే ధర. కింద రాసిన్రు, 'భాండారము వారు నాణెములు అమ్ముదురు గాని కొనరు.'"

"మరి ఐదు వేలు?"

"అది ముద్ర తలకిందులైన నాణేనికట. గసుంటిది ఇంతవరకు దొరకలేదట."

అందరూ ఓ మూల నిలబడి వింటున్న పట్టాభి గారి వైపు తిరిగారు. మత్తయి గారి గొంతు తేనెలో ముంచినట్టయింది. "పట్టాభి గారూ, మీరు మావోళ్లే గదా... ఆ నూట డెబ్బై..."

"నాకెందుకండీ మీ మిగులు నిధులు!" అని ఆయన చెప్పులు వేసుకున్నారు.

తరువాత జరిగింది చూడాలి! "గా సంతకం నాది కాదు," అన్నారు సారమ్మ గారు. "నేను ఏడు రాసిన, పక్కన సున్న ఎవరో పెట్టిన్రు!" మత్తయి గారు నెమ్మదిగా కాయితం వైపు చెయ్యి చాచారు. ఆయన కంటే ముందు ఇంకో చెయ్యి దాన్ని అందుకుంది. ఎప్పుడు వచ్చారో, తీతు అయ్యగారు గుమ్మంలో ఉన్నారు.

"మంచి రికార్డు," అన్నారు. "మూడు వందల నలభై ఒక్క పావలా. తప్పుకు తప్పు కట్టి రెండింతలు ఇస్తే నూట డెబ్బై రూపాయల యాభై పైసలు. రేకులు పడుతయి."

"అయ్యగారూ, రేపు బంద్ గిట్ల ఉన్నదేమో?" అన్నారు మత్తయి గారు ఆశగా.

"లేదు. ఉన్నా, నేనే ఇంటింటికి ఒస్త. సంచి కాదు, పళ్లెం తెస్త. పిడికిలి ఇప్పి ఎయ్యాలె."

నాకు పట్టరాని సంతోషం! కప్పు నిలిచింది, అయ్యగారు నిలిచారు, మత్తయి గారి ముఖం చూడటానికి రెండు కళ్లూ చాలడం లేదు. అప్పుడే గుర్తొచ్చింది. అయ్యగారి చేతిలోని కాయితం అడుగున ఒక చిన్న వరస ఉంది. దాన్ని చింపేద్దామని చెయ్యి చాపాను. అదే చోటికి మా ఆయన చెయ్యి కూడా వచ్చింది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇరవై మూడు: యేసుదాసు, పన్నెండు. ఇరవై నాలుగు: రెబెక్క, ఒకటి. పెళ్లయిన మొదటి ఆదివారం కొత్తకోడలు ఎంత వేస్తుందోనని అందరూ చెవులు రిక్కించి ఉంటారని, చప్పుడు బాగుంటుందని, మా నాయనమ్మ ఇచ్చిన బిళ్ల వేశాను. ఆయన నిద్రపోయాక చీకట్లో రాసుకున్నాను గనుక పై వరస చూడలేదు.

"మీరు పన్నెండా!" అన్నాను.

"నువ్వు బి.ఏ. చదివి..." అన్నాడు ఆయన.

అయ్యగారు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రేపు పొద్దున ఆరున్నరకు బయలుదేరుత," అన్నారు. "ఎల్బీనగర్ దూరం. అందుకని కాయితం కిందికెల్లి మొదలు పెడ్త. రెబెక్కా, ఏడు గొట్టేసరికి తలుపు తీసి పెట్టు బిడ్డా."