అంతరిక్ష నవలపై ఆచార్యులవారి విచారణ

సాహిత్య విమర్శలో ముప్పయ్యేళ్ళుగా ఏ రచయితనూ లేవనివ్వని ఆచార్యులవారు కిందటేడు స్నానాలగదిలో జారిపడి, తామే లేవలేకపోయారని తెలియజేయడానికి చింతిస్తున్నాం. కుడికాలు రెండుచోట్ల విరిగింది. ఆరు వారాలు ఆస్పత్రి మంచం దిగరాదని ఎముకల డాక్టరు తీర్పు చెప్పాడు. దానిమీద అప్పీలు లేదు.

మొదటిరోజు శిష్యులంతా దండుగా వచ్చారు. మంచం పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఫొటోలో గురువుగారికి ఎవరు ఎక్కువ దగ్గరగా ఉన్నారన్న విషయమై వరండాలో పోట్లాడుకున్నారు. రెండోరోజుకల్లా గురువుగారికి విశ్రాంతి అవసరమని గ్రహించి, ఆరు వారాలూ ఆ అవసరాన్ని గౌరవించారు.

ఆయన అడిగిన ఉద్గ్రంథాన్ని భార్య ఇంటినుంచి మోసుకొచ్చింది. వెల్లకిలా పడుకున్న మనిషి రెండు చేతులా ఎత్తిపట్టుకోవలసిన ఆ గ్రంథం రెండో పేజీలోనే జారి ముక్కుమీద పడింది. డాక్టరు దాన్ని వార్డులోంచి నిషేధించాడు. ఆ డాక్టరు ఇంతవరకు చేసిన సాహిత్య విమర్శ అదొక్కటే.

ఇక మిగిలింది అంతకుముందు ఆ మంచంమీద ఉన్న రోగి వదిలేసిన పుస్తకం. టీవీలో వచ్చే ఒక అంతరిక్ష సీరియల్ ఆధారంగా, ఆ సీరియల్ చూసేవాళ్ళ కోసం రాసిన నవల. అట్టమీద కథానాయిక హెల్మెట్ పెట్టుకుని కూడా జుట్టు గాలికి ఎగరేస్తోంది.

ఆచార్యులవారు దాన్ని చదవలేదు, విచారణకు స్వీకరించారు. ఎర్రకలం తెప్పించుకున్నారు. మొదటి పేజీలోనే పదకొండుమంది మనుషులు, నాలుగు ఓడలు మాటా పలుకూ లేకుండా మీదపడ్డారు. ఎవరెవరో సీరియల్ చూసినవాళ్ళకు తెలుసులే అని రచయిత ధీమా. ‘సూర్యోదయ వర్ణన ఏదీ?’ అని ఆయన అంచున రాశారు. ఓడ సూర్యుణ్ణి వదిలి వచ్చేసి తొమ్మిదేళ్ళయిందని తర్వాతి పేజీలో తేలింది. రాసింది కొట్టేయవలసి వచ్చింది. ముప్పయ్యో పేజీలో సహనం చచ్చి పుస్తకం విసిరేశారు. అది నేల తుడుస్తున్న ఆయా కాళ్ళదగ్గర పడింది.

“అయ్యో, దీన్ని విసిరేశారేంటి సార్?”

“అదీ ఒక పుస్తకమేనా? వీళ్ళెవరో, ఎక్కడికి పోతున్నారో ఒక్కముక్క అర్థమైతే ఒట్టు!”

“కొత్త చుట్టాలింటికి వెళ్తే మాత్రం ఎవరెవరో వెంటనే తెలుస్తుందా? కాసేపు కూర్చోవాలి. నేను సీరియల్ మొత్తం చూశాను. రేడియో అమ్మాయి వచ్చేదాకా చదవండి. తర్వాత విసిరేస్తారో లేదో నేనూ చూస్తా.”

ఆయనకు పాఠం చెప్పే సాహసం అంతకుముందెవరూ చేయలేదు. చేయడానికి వేరే పని కూడా లేదు కాబట్టి చదివారు.

నలభయ్యో పేజీలో ఆ అమ్మాయి వచ్చింది. ఏడాది కిందట తప్పిపోయిన ఒక ఓడకి రోజూ పొద్దున్నే రేడియోలో కబుర్లు చెప్పడం ఆమె ఉద్యోగం. ఇవాళ ఏం వండారు, ఎవరికి జలుబు చేసింది, ఏ పైపు కారుతోంది. అవతలినుంచి ఉలుకూ పలుకూ ఉండదు. “సరే, రేపు మాట్లాడతా” అని ఆమె ముగిస్తుంది.

ఆచార్యులవారు తల తిప్పి, మంచం పక్కన సందర్శకుల కుర్చీ వైపు చూశారు. దానిమీద ఎవరిదో తువ్వాలు ఆరుతోంది.

ఆ పేజీ తర్వాత ఎర్రసిరా జాడలేదు.

మర్నాటినుంచి ఆయన ఆయా కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడసాగారు.

“ఏమ్మా, ఆ ఓడ దొరుకుతుందా?”

“నేను చెప్పను సార్.”

“పోనీ, బతికున్నారో లేదో చెప్పు చాలు.”

“ముందు మందు వేసుకోండి. చెప్పేస్తే మీరు చదవరు.”

చివరి అధ్యాయం రోజున భార్య వచ్చి, “కళ్ళెందుకండీ అలా ఎర్రబడ్డాయి?” అంది.

“ఫినాయిల్ ఘాటు.”

“నేనింకా తుడవనే లేదమ్మా” అంది ఆయా, గుమ్మంలోంచి.

ఆయన ఇల్లు చేరాక, ‘ఈ ఏడాది మిమ్మల్ని కదిలించిన పుస్తకం’ ఏమిటని ఒక పత్రిక ప్రముఖులను అడిగింది. ప్రముఖులు ఆనవాయితీ ప్రకారం ఒకరి పుస్తకం పేరు మరొకరు రాసి పంపారు. ఆచార్యులవారు మాత్రం రెండ్రోజులు తటపటాయించి, వృత్తిధర్మానికి విరుద్ధంగా, నిజం రాశారు. ‘మొదటి ముప్పయి పేజీలు అర్థంకాలేదు. లోపం నాది. ఎవరూ పలకరించని రోజుల్లో ఈ పుస్తకం నన్ను పలకరించింది.’

సాహితీలోకం పడీపడీ నవ్వింది. ఇంత పదునైన వ్యంగ్యం ఈ మధ్య రాలేదని తీర్మానించి, సన్మానసభ పెట్టింది.

“పొగిడినట్టే పొగిడి ఆ చెత్తను ఎలా ఉతికారో చూశారా!” అన్నారు అధ్యక్షులవారు. “లోపం నాది! ఆహా, ఏం దెబ్బ! ఈ వాక్యాన్ని పాఠ్యపుస్తకాల్లో చేర్చాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను!”

ఆచార్యులవారు చేతికర్ర ఊతంగా లేచారు. “నేను నిజంగానే రాశానయ్యా. ఆ నవల నాకు నచ్చింది. ఏడ్చాను కూడా.”

హాలు ఐదు నిమిషాలు చప్పట్లతో దద్దరిల్లింది. ‘వ్యంగ్య సార్వభౌమ’ బిరుదుపత్రం చేతికొచ్చింది. ఆయన మరోసారి నోరు తెరిచారు. పత్రంమీద తమ పేరు ముందున్న విశేషణాలు చదివారు. నోరు మూసుకుని కూర్చున్నారు.

వారం తిరిగేసరికి ఊళ్ళోని షాపుల్లో ఆ నవల ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. ముందువరుసలో నవ్వినవారంతా తలొకటి కొన్నారు, కేవలం ఖండన వ్యాసం రాయడానికి. నాలుగు నెలలైంది, ఒక్క ఖండనా అచ్చుకాలేదు. ఆధారాలు ఇంకా సేకరిస్తున్నారట. రెండో భాగం ఎప్పుడొస్తుందని షాపువాణ్ణి పక్కకు పిలిచి అడుగుతున్నది కూడా పరిశోధన కోసమే.

అయ్యా ఖండనకారులూ, మీ దిండుకింద ఉన్న ఆ నవల సంగతి మాకు తెలుసు. తొందరేం లేదు, నింపాదిగా ఖండించండి.