పన్నెండు వందల మంది చేరిక

ప్రజాసేవ చేయడం కోసం జయప్రకాశ్ గారు ఖాకీ విప్పేశారు. ఎస్పీగా ఇన్నాళ్ళూ చేసింది ప్రజాసేవ కాదా అని ఒక విలేకరి అడగబోయి, పాత భయం గుర్తొచ్చి కూర్చుండిపోయాడు.

సారుగారి ఘనత అంతా ఇంతా కాదు. ఒక్క తూటా పేలకుండా, ఆయన హయాంలో పన్నెండు వందల మంది నక్సలైట్లు అడవి వదిలి లొంగిపోయారు. నెలనెలా ఒక బల్ల, ఒక బ్యానర్, ఒక గ్రూపు ఫొటో, మనిషికో దుప్పటి. ఆ వార్తలు చదివి చదివి ఓ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు బసవపున్నయ్య గారికి నోరూరింది.

"ఆ పన్నెండు వందల మందినీ ఖమ్మం సభలో నా ఎదురుగా పార్టీలో చేర్పించండి. పార్లమెంటు టికెట్ మీదే" అన్నారాయన.

చేర్పించలేకపోతే? ఉద్యోగం ఎలాగూ వదులుకున్నారు, టికెట్ కూడా రాకపోతే ఇక సెల్యూట్ కొట్టే దిక్కుండదు. ఆ ఆలోచన రాగానే జయప్రకాశ్ గారు పాల్వంచ అవతల అడవిలో ఉన్న గూడేనికి పరుగెత్తారు. కారు ఆగీ ఆగకముందే గూడెం పెద్ద బొజ్జయ్య అందర్నీ వరుసలో నిలబెట్టేశాడు.

"నేనిప్పుడు పోలీసును కాదు బొజ్జయ్యా, లీడర్ని."

"గట్లనా సార్! మరి చేతులు లేపాల్నా, వద్దా?"

"దండం పెడితే చాలు. లొంగిపోయినవాళ్ళంతా ఖమ్మం రావాలి. ఒక్కరు తగ్గినా నా పరువు గంగలో కలుస్తుంది."

"ఒక్కరు తగ్గరు సార్. నాది పూచీ."

వెనక నుంచి చిన్నక్క అందుకుంది. "ఈసారి దుప్పటి వద్దు సారూ, ఇంట్ల పెట్టనీకి జాగ లేదు. స్టీలు బిందె ఇప్పియ్యుండ్రి."

సభ రోజు ఖమ్మం దద్దరిల్లిపోయింది. ఫ్లెక్సీల మీద జయప్రకాశ్ గారు పులి పక్కన నిలబడి నవ్వుతున్నారు. పులే కొంచెం ఇబ్బంది పడుతున్నట్టుంది. జనాన్ని తేవడానికి గూడేనికి ఇరవై బస్సులు వెళ్ళాయి. పందొమ్మిది ఖాళీగా తిరిగొచ్చాయి. ఇరవయ్యో బస్సులోంచి బొజ్జయ్య, చిన్నక్క, గూడెం కుర్రాడు హేమ్లా, ఇంకో పాతికమంది దిగారు. దిగుతూనే పార్టీ కండువాలు అందుకుని, కళ్ళు మాత్రం కనపడేలా మొహాలకు కట్టుకుని, స్టేజీ ఎక్కి తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరూ చెప్పనే అక్కర్లేదు, అంత క్రమశిక్షణ!

జయప్రకాశ్ గారు ఖాళీ బస్సుల వైపు చూశారు. "మిగతావాళ్ళేరి బొజ్జయ్యా?"

"మిగతావాళ్ళు ఎవరు సార్?"

"పన్నెండు వందల మంది!"

"అవ్ సార్, మేమే గద. నెలకో పేరు పెట్టి మీరే నిలబెడ్తిరి. మన హేమ్లా ఒక్కడే నలభై మంది."

పక్క కుర్చీలో ఉన్న బసవపున్నయ్య గారు అంతా విన్నారు. మెల్లగా లేచి, జయప్రకాశ్ గారి భుజం మీద చెయ్యి వేశారు.

"టికెట్ మీకివ్వనండీ."

పాపం, మాజీ ఎస్పీ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీలాంటివారిని ఒక్క సీటుకు కట్టేస్తే పార్టీకి ద్రోహం చేసినట్టే. ఇవాళ్టి నుంచి రాష్ట్రంలో సభ్యత్వ నమోదు మొత్తం మీ చేతుల్లోనే" అంటూ గట్టిగా కౌగిలించుకున్నారు.

డప్పులు మోగాయి. జయప్రకాశ్ గారు కళ్ళు తుడుచుకుని, వెనకటి హోదాలో వేలితో సైగ చేశారు. వరుస కదిలింది. బొజ్జయ్య స్టేజీకి ఒక పక్క దిగి, రెండో పక్క నుంచి మళ్ళీ ఎక్కి, కొత్త కండువా కోసం మెడ వంచాడు.

"ఈసారి నా పేరేంది సార్?"