మూత మీద పేరు

బుధవారం పొద్దున ఏంజెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హైదరాబాదు బస్సు మార్కాపురంలో ఆగగానే డ్రైవరు దగ్గర ల్యాప్‌టాప్ తీసుకోవాలి. ఇంటికి తెచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మరుసటి రోజు గిద్దలూరు వెళ్లి, మాలకొండయ్య కట్టబోయే ఫంక్షన్ హాలు ఎలా ఉంటుందో ఆయనకు తెర మీద తిప్పి తిప్పి చూపించాలి. ఆయనకు నచ్చితే అది ఆమె తన సొంత పేరు మీద చేసే మొదటి పని. నచ్చకపోతే మార్కాపురంలో కాటమరాజు సారు ఆఫీసు, ఆ ఆఫీసులో కుర్చీ ఉండనే ఉన్నాయి.

ఆ కుర్చీ అంటేనే ఆమెకు గిట్టదు. తర్లుపాడులో వాళ్ల ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఏంజెల్. సివిల్‌లో బి.టెక్. చేసి, ఇంజనీరు కాటమరాజు దగ్గర ఇళ్ల డిజైన్లు గీస్తోంది. గీసేది ఆమె, కింద పేరు ఆయనది. ఒకసారి కాగితం మూలన చీమంత అక్షరాలతో తన పేరు కూడా వేసింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మరీ దాన్ని వెతికి కొట్టేశాడు. "పేరెందుకమ్మా, జీతం ఇస్తున్నాం గదా" అన్నాడు. ఆమె ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ ధరలు విచారించడం మొదలుపెట్టింది.

ఈ పనికి మామూలు ల్యాప్‌టాప్ చాలదు. గోడలు, మెట్లు, దీపాలు అన్నీ తెర మీద కదలాలంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావాలి. దాని ధర మార్కాపురంలో అడిగి, ఒంగోలులో అడిగి, ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగింది. అప్పుడు పెద్దమ్మ కొడుకు శ్యాంసన్ గుర్తొచ్చాడు. అతను దుబాయ్‌లో ఏసీ మెకానిక్కు. సెలవుకు వస్తున్నాడు. అక్కడ అదే ల్యాప్‌టాప్ చాలా తక్కువకు వస్తుందని, తానే తెస్తానని అన్నాడు.

పక్కింటి లింగయ్య ఈ సంగతి విని నేరుగా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు కువైట్‌లో డ్రైవరు. ఊళ్లో విమానాశ్రయాల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన్నే అడగాలి, అడగకపోయినా ఆయనే చెబుతాడు. సీలు వేసిన కొత్త పెట్టె కనపడితే కస్టమ్స్ వాళ్లు వదలరని, వస్తువు వాడినట్టు ఉండాలని, బిల్లు తెచ్చేవాడి పేరు మీదే ఉండాలని గట్టిగా చెప్పాడు. ఏంజెల్ లింగయ్య చెప్పినట్టు శ్యాంసన్‌కు చెప్పింది. శ్యాంసన్ ఏంజెల్ చెప్పినట్టు చేశాడు. పెట్టె దుబాయ్‌లోనే పారేశాడు. మెరిసే స్టిక్కర్లన్నీ గోరుతో పీకేశాడు. ల్యాప్‌టాప్‌ను ఒక పాత తువ్వాలులో చుట్టాడు. తీరా హైదరాబాదులో దిగితే అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంత శ్రమ పడితే పలకరించే దిక్కు లేదేమిటని శ్యాంసన్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. తాను రెండు రోజులు హైదరాబాదులోనే ఆగి, మూటను మార్కాపురం వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

బుధవారం ఒక గంట పర్మిషన్ అడిగితే కాటమరాజు ఇవ్వలేదు. గురువారం సెలవు ఎందుకని కూడా అడిగాడు. అబద్ధం చెప్పడం రాక, గిద్దలూరులో మాలకొండయ్య గారికి సొంతంగా గీసినది చూపించాలని ఉన్నదున్నట్టు చెప్పింది ఏంజెల్. "ఏ కంప్యూటర్‌లో చూపిస్తావు?" అని నవ్వాడాయన. బస్సు దగ్గరికి వెళ్లే పని చివరికి ఏంజెల్ తల్లి రాహేలు మీద పడింది.

రాహేలు గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ఇంట్లో పేరు లేని వస్తువు లేదు. గిన్నెలు, చెంబులు, కుక్కరు, ఆఖరికి అట్లకాడ మీద కూడా పేరు ఉంటుంది. చర్చిలో ప్రేమవిందు అయ్యాక అందరి గిన్నెలూ కలిసిపోతాయి, అది ఒక కారణం. అసలు కారణం వేరు. పెళ్లయిన కొత్తలో మిరపకాయల కోతకు వెళ్లి, ఆ కూలితో ఒక పెద్ద గుండిగ కొనుక్కుంది. ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లికి దాన్ని అడిగి తీసుకుపోయారు. తిరిగి అడగడానికి పోతే, ఆ ఇంటామె గుమ్మంలోనే నిలబెట్టి, "అది నీదే అని ఏముంది గుర్తు?" అంది. గుర్తు లేదు. గుండిగ రాలేదు. ఆ రోజు నుంచి రాహేలు ఏది కొన్నా, ఇంటికి తెచ్చే ముందు పేరు కొట్టిస్తుంది.

బస్సు డ్రైవరు ఇచ్చిన తువ్వాలు మూట విప్పి చూసింది. వెండి రంగు రేకు. నున్నగా ఉంది. ఎటు తిప్పినా ఒక్క అక్షరం లేదు. నడిబజారులో అలాంటి వస్తువును చేతిలో పట్టుకుని నిలబడటానికి ఆమెకు భయం వేసింది. నేరుగా గిన్నెల అంగడికి నడిచింది.

పేర్లు కొట్టే బాలయ్య ల్యాప్‌టాప్‌ను చూసి మిషను పక్కన పెట్టాడు.

"ఇది గిన్నె కాదు గదమ్మా."

"రేకు గాదా?"

"రేకే."

"మరి రేకు మీద నీ మిషను ఆడదా?"

"ఆడతాది. లోపల కరెంటు సామాను ఉంటాదేమోనని."

"లోపల ఎవురు కొట్టమన్నారు నిన్ను? మూత మీద కొట్టు."

బాలయ్య మిషను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఏం రాయాలని అడిగాడు. రాహేలు ఆలోచించలేదు. బాలయ్య మిషను బర్రుమంటూ ముందుకు సాగింది. ఖాళీ కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ మూత మీద చాలా ఖాళీ ఉంది. అందుకని అటొక పువ్వు, ఇటొక పువ్వు కూడా పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన ఏంజెల్ ల్యాప్‌టాప్‌ను చూసి అరుగు మీదే కూర్చుండిపోయింది. మూత మీద, దూరం నుంచి కూడా కనపడేంత అక్షరాలతో ఇలా ఉంది: దేవదానం రాహేలు గార్ల కుమార్తె ఏంజెల్, బి.టెక్., తర్లుపాడు.

"ఏందమ్మా ఇది?"

"పేరు."

"ల్యాప్‌టాప్ మీద పేరు కొట్టిస్తారా ఎవరన్నా?"

"ఎవురి సంగతో నాకెందుకు? రేపు ఎవడన్నా వచ్చి నాదంటే, నీదని ఎట్ల చెప్తావు?"

"బిల్లు ఉంటాదమ్మా."

"ఉందా?"

బిల్లు శ్యాంసన్ పేరు మీద, శ్యాంసన్ ఫోన్లో ఉంది. తండ్రి దేవదానం మూతను వెలుతురులోకి తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమి చూశాడు. "బి.టెక్.కు చుక్కలు గూడా మరవలే" అన్నాడు తృప్తిగా.

అదృష్టం కొద్దీ తెర వెలిగింది. ఛార్జరు మాత్రం తర్లుపాడులో ఏ ప్లగ్గులోనూ దూరలేదు. దుబాయ్ ఛార్జరుకు పలకల్లాంటి మూడు కాళ్లు ఉన్నాయి. లింగయ్య తన కువైట్ పెట్టెలోంచి ఒక అడాప్టరు వెతికి తెచ్చి, తాను ముందే చెప్పానన్నాడు. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు. ఏంజెల్ రాత్రి కూర్చుని పని ముగించింది. పొద్దున పాత చర్చి క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, అక్షరాలు కనపడకుండా మూతకు అంటించింది. పెద్ద పార్టీ దగ్గరికి వెళుతూ గిన్నెలా కనపడటం ఆమెకు ఇష్టం లేదు. అది చూసి రాహేలు మొహం తిప్పుకుంది.

ఆమె గిద్దలూరు రైల్లో ఉండగా మార్కాపురంలో కాటమరాజు ఆఫీసు తెరిచాడు. బల్ల మీద ఆఫీసు ల్యాప్‌టాప్ లేదు. అదీ వెండి రంగుదే. ఆయన అన్న కొడుకు వంశీ, దుమ్ము దులిపించడానికని పొద్దున్నే తన దగ్గరున్న తాళంతో తెరిచి దాన్ని తీసుకుపోయాడు. చెప్పి పోవాలని మాత్రం అతనికి తోచలేదు. కాటమరాజు కంగారుగా కిందికి దిగి టీ అంగడి మల్లిని అడిగాడు. మల్లి కాసేపు ఆలోచించి, ఇవాళ ఎవరినీ చూడలేదని, నిన్న మాత్రం ఏంజెల్ వాళ్లమ్మ తువ్వాలులో ల్యాప్‌టాప్ చుట్టుకుని గిన్నెల అంగట్లోకి పోయిందని చెప్పింది. ఆ అంగట్లో పాత సామాను తీసుకుని కొత్త గిన్నెలు ఇస్తారు. కాటమరాజుకు అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. ల్యాప్‌టాప్ నిన్న సాయంత్రం దాకా తన కళ్ల ముందే ఉందన్న సంగతి ఒక్కటే గుర్తుకు రాలేదు.

గిద్దలూరులో పని బాగానే సాగుతోంది. మాలకొండయ్యకు పెళ్లిళ్లకు వంట సామాను అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. ఆయన కూతురు సుచరిత, ఏంజెల్ ఒకే కాలేజీలో చదివారు. సుచరితే నాయనకు చెప్పి ఈ రోజు పిలిపించింది. ఏంజెల్ మూతను గోడ వైపుకు తిప్పి కూర్చుంది. తెర మీద హాలు గుమ్మం తెరుచుకుంది, మెట్లు వచ్చాయి, వంటశాల వచ్చింది. మాలకొండయ్య ముందుకు వంగాడు.

"ఆ తలుపులో నా పెద్ద డేగిసా పడతాదా, పాపా?"

"ఇద్దరు పట్టుకొని అడ్డంగా పోయినా పడతాది, పెదనాయనా. కొలిచే పెట్టినా."

ఆయన తల ఊపుతుండగా ఫోను మోగింది. ఆయన ఎవరితోనైనా స్పీకరు పెట్టే మాట్లాడతాడు. కాటమరాజు గొంతు గదంతా వినపడింది. మీ ముందున్న ల్యాప్‌టాప్ మా ఆఫీసుదని, పొద్దున నుంచి కనపడటం లేదని, ఆ పిల్ల తల్లి నిన్ననే దాన్ని గిన్నెలకు మార్చబోయిందని, చూసినవాళ్లు ఉన్నారని ఆయన చెప్పుకుపోయాడు.

మాలకొండయ్య ఏంజెల్ వైపు చూశాడు. ఆ చూపు మంచిగా లేదు, చెడ్డగానూ లేదు. బిల్లు ఉందా అని అడిగాడు. ఆమె శ్యాంసన్‌కు ఫోను చేసింది. దుబాయ్ నంబరు పలకలేదు, కొత్త సిమ్ ఇంకా పని చెయ్యడం లేదు. పెట్టె ఏదని అడిగాడు. దుబాయ్ చెత్తకుండీలో. కంపెనీ స్టిక్కరన్నా ఉంటుంది కదా అంది సుచరిత. అవి శ్యాంసన్ గోటికింద పోయాయి. డబ్బు మిగిలించుకోవడానికి ఏమేం చేసిందో అన్నీ ఇప్పుడు ఆమెకు వరసగా ఎదురుతిరిగాయి. మొదటి పని పోవడం అటుంచి, దొంగ అన్న పేరు మోసుకుని తర్లుపాడులో రైలు దిగాలి.

"ఆమె ఏం చెప్పినా వినొద్దు, మాలకొండయ్యా" అంది ఫోను. "అది ఆమెదే అని ఏముంది గుర్తు?"

ఆ మాట ఏంజెల్‌కు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి తల్లి నోట వింటూనే ఉంది. లేచి నిలబడి క్యాలెండర్ కాగితాన్ని ఒక్క లాగు లాగింది. ల్యాప్‌టాప్‌ను తిప్పి, మూత మాలకొండయ్య మొహానికి ఎదురుగా పెట్టింది.

"చదువు, పెదనాయనా. గట్టిగా చదువు, సారుకు గూడా వినపడేటట్టు."

మాలకొండయ్య కళ్లద్దాలు పెట్టుకుని, తడబడుతూ, ఊరి పేరుతో సహా చదివాడు.

"పెట్టె లేదు, బిల్లు లేదు. పేరుంది" అంది ఏంజెల్. "నేను దొంగనయితే మా నాయన పేరు, మా అమ్మ పేరు, ఊరు, నా చదువు అన్నీ కొట్టిచ్చుకొని మీ ముందర పెడతానా? పోలీసోళ్లకు ఇంటికి దారి చూపిచ్చినట్టు?"

మాలకొండయ్య బొటనవేలితో పువ్వును రుద్ది చూశాడు. "ఇది మన బాలయ్య చెయ్యి. నా డేగిసాల మీద గూడా ఇవే పువ్వులు" అన్నాడు. తర్వాత ఫోను దగ్గరికి వంగాడు. "సారూ, నా సామాను ఎన్నోసార్లు పోయింది, దొరికింది గూడా. పోయిన గిన్నె మీద పేరు అరగదీసి ఉంటాది గానీ, కొత్తగా కొట్టి పువ్వులు పెట్టి ఉండదు. నీదాని మీద నీ పేరుందా?"

"ల్యాప్‌టాప్ మీద పేరేందండీ?"

"అదే మరి."

ఇంతలో ఫోనులో తలుపు చప్పుడైంది. "చిన్నాయనా, ల్యాప్‌టాప్ దులిపిచ్చుకొచ్చినా, యాడ పెట్టమంటావు?" అన్న వంశీ గొంతు గిద్దలూరు దాకా స్పష్టంగా వినపడింది. ఆ వెంటనే ఫోను కట్టయింది.

సుచరిత నవ్వింది. ఏంజెల్ నవ్వలేదు. తన ఫోను తీసి కాటమరాజుకు తానే చేసింది. ఆయన ఎత్తగానే, ఏదో పొరపాటు జరిగిందని, ఆఫీసుకు వస్తే మాట్లాడుకుందామని మొదలుపెట్టాడు.

"నేను ఇంక రాను సార్" అంది. "నా కుర్చీ ఖాళీగా ఉంటాది. మీ పేరు కొట్టిచ్చుకోండి."

మాలకొండయ్య హాలును మళ్లీ మొదటి నుంచి చూపించమన్నాడు. ఈసారి మూత గోడ వైపుకు తిప్పనివ్వలేదు. అది అలాగే వీధి గుమ్మం వైపు ఉండాలని, వచ్చేపోయేవాళ్లు చదువుకుంటారని అన్నాడు. వంటశాల రెండు అడుగులు పెంచమని, మిగతాదంతా బాగుందని చెప్పాడు. చివరికి ఆమె తెచ్చిన ప్లాను కాగితాలు సర్దుకుంటుంటే, కింది మూల వేలు పెట్టి చూపించాడు.

"ఈడ నీ పేరు ఎయ్యి. పేరు లేంది ఏదీ నేను లోపలికి రానియ్యను."

ఆమె వేసింది. చీమంత అక్షరాలతో మాత్రం కాదు.

సాయంత్రం ఇంట్లో జరిగిందంతా చెబుతుంటే దేవదానం మధ్య మధ్య మూత తుడుస్తూ కూర్చున్నాడు. లింగయ్య వచ్చి, పెట్టె పారేయించబట్టే కదా ఇంత మంచి జరిగిందని తన వాటా తాను తీసుకుపోయాడు. రాహేలు మాత్రం గెలిచినట్టు ఒక్క మాట అనలేదు. క్యాలెండర్ కాగితం ఏమైందని అడిగింది, చించేశానంటే సరేనంది. ఆమె కళ్లు ఎందుకో గోడకు వేలాడుతున్న దుబాయ్ ఛార్జరు మీదే ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున ఏంజెల్ లేచేసరికి ఛార్జరు లేదు, రాహేలు కూడా లేదు.